మైకమ్మ పెట్టిన రేడియో స్టేషను

బస్టాండులో ఇరవై మూడేళ్లు పనిచేసినా ఆవిడ్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. డ్రైవర్లకీ, కండక్టర్లకీ, మెట్ల దగ్గర పేపర్లు అమ్ముకునే ముసలాయనకీ కూడా ఆవిడ మైకమ్మే. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తోందో, ఏది ఎంత ఆలస్యంగా నడుస్తోందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆ గొంతు మైకులో అరిచినట్టుండేది కాదు. పక్కన కూర్చుని మనకొక్కరికే చెబుతున్నట్టుండేది. బస్సు తప్పిపోయినవాళ్లు కూడా డ్రైవరునే తిట్టుకునేవాళ్లు తప్ప ఆవిణ్ణి ఒక్క మాట అనేవాళ్లు కాదు.

నలభై ఎనిమిదో ఏట మెడలో గడ్డ కనబడింది. థైరాయిడ్ అన్నారు, తీసెయ్యాలన్నారు. గొంతుకి వెళ్లే నరం ఆ గడ్డనే అంటిపెట్టుకుని ఉందనీ, దాన్ని కాపాడటం తన చేతిలో పూర్తిగా లేదనీ డాక్టరు ముందే చెప్పాడు. ఆవిడ సరేనని సంతకం పెట్టింది. గడ్డ పోయింది, దానితోపాటు గొంతూ పోయింది. మాట పూర్తిగా పడిపోలేదు గానీ నోరు తెరిస్తే గాలి ఎక్కువ, మాట తక్కువ. ఏడాదిపాటు అద్దం ముందు నిలబడి ఆ, ఈ, ఊ అంటూ సాధన చేసింది. గదిలో ఉన్నవాళ్లకి వినపడేంత వరకూ వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఆఫీసువాళ్లు ఆవిణ్ణి పోయిన సామాన్ల గదికి మార్చారు. ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు అన్నీ అక్కడికే చేరతాయి. చీటీ కట్టి అరలో పెట్టడం, వచ్చినవాళ్లకి ఆనవాలు అడిగి ఇవ్వడం. పని కష్టం కాదు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఆవిడ పాత రికార్డింగులు కొన్ని ఆఫీసులో ఉన్నాయి. కొత్త అమ్మాయి వచ్చేదాకా అవే వేశారు. అలా ఐదు నెలలపాటు, ఒక పక్క చీటీలు కడుతూ, పైన స్పీకరులోంచి తన గొంతు తనే వింటూ కూర్చుంది. ఓ రోజు ఒకాయన గొడుగు కోసం వచ్చి, పైకి చెయ్యి చూపించి, "ఈవిడ ఎంత బాగా చెబుతుందండీ," అన్నాడు. మైకమ్మ తలూపి గొడుగు ఇచ్చి సంతకం పెట్టించుకుంది.

బయట ఇంకో చిత్రం. ఆవిడ గుసగుసగా మాట్లాడితే ఎదుటివాళ్లూ గుసగుసలోకి దిగిపోయేవాళ్లు. కూరగాయలవాడు ఉల్లిపాయల ధర ఎవరికీ తెలియకూడని రహస్యంలా చెవిలో చెప్పేవాడు. ఇంకొందరు ఆవిడకి చెవుడనుకుని గట్టిగా అరిచేవాళ్లు. ఎలాగైనా అందరూ ముందుకి వంగి, కళ్లు చిట్లించి, ఆవిడ నోటివైపే చూసేవాళ్లు. ఆ చూపులు పడలేక ఆవిడ మాటలు తగ్గించేసింది. ఫోను మోగితే ఊ, ఆ, సరే అని పెట్టేసేది.

ఆ రోజుల్లోనే యాంప్లిఫయర్ మేస్త్రి పాత స్పీకర్లు దాచడానికి ఆ గదికి వచ్చాడు. బస్టాండులో మైకులు, వైర్లు, స్పీకర్లు అన్నీ ఆయనే చూస్తాడు. ఉద్యోగంలో చేరినప్పట్నించీ మైకమ్మని చెల్లెమ్మా అంటాడు, ఆవిడ అన్నయ్యా అంటుంది. స్పీకర్లు గోడకి ఆనించి, చేతులు దులుపుకుని, బల్ల మీద ఆవిడ వేళ్లు చూశాడు. ఖాళీగా ఉంటే పెన్సిల్‌తో బల్ల మీద తట్టడం ఆవిడకి అలవాటయింది.

"ఏంటి చెల్లెమ్మా, మోర్స్ కొడుతున్నావా?"

"అదేంటన్నయ్యా?"

"చుక్క, గీత. చిన్న కూత, పొడుగు కూత. వాటితోనే అక్షరాలు పంపడం. నేను ఇంట్లో రేడియో పెట్టుకుని చేసేది అదే. లైసెన్సు తీసుకుని ఎవరైనా చెయ్యొచ్చు. దీనికి గొంతుతో పనిలేదు."

ఆ చివరి మాట అన్నాక తనే నాలిక కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం నొచ్చుకోలేదు. "ఇంట్లో పెట్టుకోవాలంటే ఏం కావాలి?" అని అడిగింది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న మేస్త్రి ఒక సంచీతో దిగాడు. సంచీలోంచి బొటనవేలంత డబ్బా ఒకటి తీశాడు. ఒక పక్క కంప్యూటరుకి గుచ్చుకునే ముక్కు, ఇంకో పక్క వైరు బిగించే మర. రేడియో ఎక్కడుందని ఆవిడ సంచీలోకి తొంగి చూసింది.

"ఇదే రేడియో. పాత రోజుల్లో అయితే లోపల ఇన్ని కాయిల్సు, ఇన్ని వాల్వులు ఉండేవి. ఇప్పుడు గాల్లో ఉన్నదాన్ని ఇది అంకెలుగా మార్చి కంప్యూటరుకి పోస్తుంది. మిగతా పనంతా సాఫ్ట్‌వేరుదే."

మైకమ్మ భర్త కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. మాట తక్కువ, చెయ్యి నేర్పరి. మేస్త్రి చెప్పిన కొలత ప్రకారం రాగి తీగ రెండు ముక్కలు, ఒక్కోటి పది మీటర్లు, టేపు పెట్టి కొలిచి కోశాడు. డాబా మధ్యలో పాత ఇనప గొట్టం నిలబెట్టి, దాని కొసనించి రెండు తీగల్నీ రెండు మూలలకి ఏటవాలుగా లాగి, చివర్లని నైలాను తాడుతో పిట్టగోడకి కట్టారు. మధ్యలోంచి నల్లటి కేబులు కిటికీ గుండా ముందుగదిలోకి దిగింది. బట్టలు ఆరేసే తీగ అనుకుని పక్కింటావిడ ఇంత ఎత్తున ఎలా ఆరేస్తారని అడిగింది.

కంప్యూటరు తెరిచేసరికి తెర మీద నీలంగా ఏదో పైనుంచి కిందికి జారుతూ కనబడింది, గోడ మీంచి వాన నీళ్లు కారుతున్నట్టు. ఆ నీలంలో అక్కడక్కడా పసుపు చారలు. ఒక్కో చార ఒక్కో స్టేషను. కొన్ని చారలు తెగి తెగి, చుక్కలుగా గీతలుగా రాలుతున్నాయి.

"అదిగో, అది మోర్స్. మౌసుతో దాని మీద నొక్కు," అన్నాడు మేస్త్రి.

నొక్కింది. హోరు అనే శబ్దం వెనక్కి తగ్గి, సన్నటి కూత ఒకటి ముందుకొచ్చింది. ఎవరో, ఎక్కడో, వేలితో నొక్కుతున్నారు. తెర మీద చుక్క రాలడం, చెవిలో కూత పడడం ఒకేసారి జరుగుతున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి లేవమని భర్త రెండుసార్లు పిలవాల్సొచ్చింది.

నేర్చుకోవడం మాత్రం అంత సులువుగా సాగలేదు. అక్షరాలన్నీ చుక్కలు లెక్కపెట్టి గుర్తుపట్టబోయింది. రెండు లెక్కపెట్టేలోపు మూడో అక్షరం వెళ్లిపోయేది. "లెక్కపెట్టకు, విను. రోజూ బస్సు హారన్లు వినే చెవులు నీవి. ఏ డ్రైవరు హారను ఏదో నీకు తెలియదా?" అన్నాడు మేస్త్రి. నిజమే, తెలుసు. అప్పట్నించీ ప్రతి అక్షరాన్నీ ఒక డ్రైవరు హారనులా పట్టుకుంది. రెండు నెలల్లో కాయితం మీద రాసుకోకుండానే చిన్న చిన్న మాటలు అందసాగాయి. చెయ్యి కూడా సాగింది. స్ప్రింగు మీద ఆడే చిన్న ఇత్తడి మీటని బల్లకి బిగించుకుని పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట కొట్టేది.

ఓ సాయంత్రం మేస్త్రి వచ్చి కాసేపు విని, "చెల్లెమ్మ చేతివాటం బాగా కుదిరింది బావగారూ," అన్నాడు.

భర్త ఇంటికి తెచ్చుకుని అరగదీస్తున్న అద్దం పక్కన పెట్టి, "బస్టాండులో పోయిన సామాన్లకి కాపలా ఉన్న మనిషి. ఆ మాట బయట అనకు మేస్త్రీ, ఉద్యోగం పోతుంది," అన్నాడు. మైకమ్మ చాలా రోజుల తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు బయటికి వినపడలేదు గానీ కళ్లనిండా నీళ్లొచ్చాయి.

అప్పుడే ఒక చిక్కొచ్చి పడింది. పగటిపూట తెర మీద నిలువుగా, సమాన దూరంలో, దువ్వెన పళ్లలా తెల్లటి గీతలు రావడం మొదలెట్టాయి. అవి వచ్చాయంటే చెవిలో ఒకటే రొద. స్టేషన్లన్నీ దాని కింద మునిగిపోయేవి. తీగ మార్చి చూశారు, కేబులు మార్చి చూశారు. ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, ఫ్రిజ్జు ఆపి, ఆఖరికి మెయిన్ స్విచ్చి దించి కంప్యూటరుని బ్యాటరీ మీద నడిపినా గీతలు పోలేదు.

"మన ఇంట్లోది కాదు," అన్నాడు మేస్త్రి. "చుట్టుపక్కల ఎక్కడో చౌకరకం చార్జరో, బల్బో ఉంటుంది. పట్టుకోవడం కష్టం."

మైకమ్మకి అది కష్టమనిపించలేదు. ఇరవై మూడేళ్లు రాకపోకల వేళలు రాసిన మనిషి. సెలవు రోజుల్లో, షిఫ్టు మారి ఇంట్లో ఉన్న పూటల్లో ఒక నోటుపుస్తకం పెట్టుకుని, గీతలు ఎన్నింటికి వస్తున్నాయో, ఎన్నింటికి పోతున్నాయో రాసింది. పది గంటలకి వస్తాయి. ఒంటిగంటకి పోతాయి. రెండున్నరకి మళ్లీ వచ్చి ఆరింటికి పోతాయి. సోమవారం అసలు రావు. నాలుగు వారాలు చూసి పుస్తకం మూసింది. సోమవారం సెలవు ఎవరికో ఆవిడకి తెలుసు. అయినా రూఢి చేసుకోవడానికి బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్సిస్టరు పట్టుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టుకీ రొద పెరిగింది. కింది వాటా గుమ్మం దగ్గరికొచ్చేసరికి చెవులు చిల్లులు పడేలా ఉంది.

కింది వాటాలో ఉండేది మరిది కుటుంబం. తోటికోడలు ముందుగదిలోనే మిషను పెట్టుకుని, సోమవారం తప్ప రోజూ బట్టలు కుడుతుంది. ఇద్దరికీ గొడవేం లేదు. కానీ ఏడాదిన్నరగా మాటలూ అంతంతమాత్రమే. ఎదురుపడితే తలూపుకోవడం, పండో కాయో తెచ్చుకుంటే కవరు గుమ్మానికి తగిలించడం. ఎందుకిలా అయిందో ఇద్దర్లో ఎవరూ అడగలేదు.

చేతిలో గుర్రుమంటున్న ట్రాన్సిస్టరుతో గుమ్మంలో నిలబడిన మైకమ్మని చూసి తోటికోడలు మిషను ఆపింది.

"ఏంటక్కా ఆ గోల? పాడైపోయిందా?"

మైకమ్మ ట్రాన్సిస్టరుని మిషను దగ్గరికి తీసుకెళ్లింది. సూది మీదకి వెలుతురు పడేలా మెడ వంచిన దీపం ఒకటుంది. దాని దగ్గర పెట్టేసరికి రొద ఆకాశాన్నంటింది. దీపం ఆర్పమని సైగ చేసింది. తోటికోడలు ఆర్పింది. రొద టక్కున ఆగిపోయి, లోపల ఎవరో వార్తలు చదువుతున్నది వినపడింది.

విషయమంతా చెప్పడానికి మైకమ్మకి పది నిమిషాలు పట్టింది. ఇంత పొడుగు సంగతి నోటితో చెప్పి చాలా కాలమైంది. తోటికోడలు ముందుకి వంగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, చేతిలో ఉన్న బట్ట అంచు మడుస్తూ వింది.

"అయితే నా దీపం ఎన్నింటికి వెలుగుతోందో రాసుకుంటున్నావన్నమాట," అంది చివరికి. "మనిషి ఎలా ఉందో కనుక్కోవడానికి మాత్రం దిగిరావు."

మైకమ్మ ట్రాన్సిస్టరు కట్టేసి బల్ల మీద పెట్టింది.

"నాలుగుసార్లు ఫోన్ చేశానక్కా ఆపరేషనయ్యాక, నువ్వింకా ఆస్పత్రిలో ఉండగానే. ఊ అని పెట్టేశావు. నేనేం తప్పు చేశానో అనుకున్నాను. నా మీద కోపమేమోనని రావడం మానేశాను."

"ఫోన్లో నా మాట అవతలికి వెళ్లదు," అంది మైకమ్మ. "నేను చెప్పినా నీకు గాలే వినపడేది. అందుకని పెట్టేసేదాన్ని. కోపం కాదు."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? ఫోన్లోనా?"

తోటికోడలు ఒక్క క్షణం ఆవిణ్ణి చూసి ఫక్కున నవ్వింది. లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. సాయంత్రం మేస్త్రి వచ్చి రొదని మింగే ఫెరైట్ రింగు, నల్లటి ఇనప గాజులాంటిది ఒకటి తీసి, దీపం తీగని దానిలోంచి ఏడు చుట్లు తిప్పాడు. పైన తెర మీద దువ్వెన పళ్లు మసకబారి, స్టేషన్లు మళ్లీ తేలాయి. పూర్తిగా పోలేదు గానీ పని జరిగేంత తగ్గాయి. ఆ తర్వాత మైకమ్మకి సెలవున్న రోజుల్లో ఒంటిగంటకి మిషను ఆపి తోటికోడలు మెట్లెక్కి వచ్చేది. ఇద్దరూ కలిసి అన్నం తినేవాళ్లు.

లైసెన్సు పరీక్షకి వెళ్తే మోర్సులో ఒక్క తప్పు లేకుండా పాసయింది, సర్క్యూట్ల పేపర్లో పోయింది. కెపాసిటరు, కాయిలు కలిస్తే ఏమవుతుందో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. భర్త షాపునుంచి రాగానే ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగేవాడు, ఆయనకీ ఏమీ తెలియదు గనక ఇద్దరూ పుస్తకం చూసి ముఖాలు చూసుకునేవాళ్లు. రెండోసారికి గట్టెక్కింది. మరో మూడు నెలలకి కాయితం వచ్చింది. దాని మీద ఆవిడ కాల్‌సైను ఉంది, కొన్ని అక్షరాలు, ఒక అంకె. ఇక నుంచి గాల్లో ఆవిడ పేరు అదే.

ఈసారి మేస్త్రి ఇంకాస్త పెద్ద డబ్బా తెచ్చాడు. ఇది వినడమే కాదు, పంపుతుంది కూడా. బలం ఐదు వాట్లు, చిన్న ఎల్‌ఈడీ బల్బుకి సరిపోయేంత. దీన్నీ కంప్యూటరే నడిపిస్తుంది. అన్నీ బిగించి, యాంటెనాకి బదులు డమ్మీ లోడు పెట్టి, బయటికేమీ పోకుండా ముందు సాధన చెయ్యమన్నాడు. అక్కడ ఇంకో తిరకాసు ఎదురైంది. తను మీట నొక్కినది కంప్యూటరంతా తిరిగి చెవికి చేరేసరికి పావు సెకను ఆలస్యం. చెయ్యి ఒకటి కొడుతుంటే చెవి ఇంకోటి వింటుంది. మేస్త్రి ముందు కూర్చుని చూపించబోయి తనే తడబడ్డాడు. నాలుగు అక్షరాలకే వేళ్లు ముడిపడిపోయాయి.

"దీనికి వేరే వైరు వేసి, మీట కూత నేరుగా వినపడేలా చెయ్యాలి. వచ్చే వారం తెస్తాలే," అన్నాడు.

"నన్నోసారి కొట్టనీ," అని మైకమ్మ కూర్చుంది. కొట్టింది. ఆగలేదు, తడబడలేదు. తన కాల్‌సైను మూడుసార్లు సాఫీగా వెళ్లింది.

మేస్త్రి నోరెళ్లబెట్టాడు. "అదెలా?"

"బస్టాండులో ఆ చివర స్పీకర్లలోంచి నా మాట నాకు ఆలస్యంగానే వచ్చేది కదన్నయ్యా. దాన్ని వింటే మాట తప్పిపోతాం. వినకుండా చెప్పడం మొదటి ఏడాదే నేర్చుకున్నాను."

ఆ స్పీకర్లు బిగించినవాడు మేస్త్రే. తల గోక్కుంటూ సంచీ సర్దుకున్నాడు. వైరు మాత్రం తర్వాతి వారం తెచ్చి వేశాడు.

నిజంగా గాల్లోకి వెళ్లిన మొదటి మూడు సాయంత్రాలూ ఎవరూ పలకలేదు. ఎవరైనా ఉన్నారా అని పిలవడం, రెండు నిమిషాలు వినడం, మళ్లీ పిలవడం. నాలుగో రోజు ఐదున్నరకి, పిలిచి చెయ్యి తీసిందో లేదో, తెర మీద తన పక్కనే చిన్న పసుపు చార రాలడం మొదలెట్టింది. చెవిలో సన్నగా ఆవిడ కాల్‌సైను. ఎవరో తనని పిలుస్తున్నారు. గబుక్కున పెన్సిలు అందుకుంది. అవతలి మనిషి పేరు పంపితే మొదటిసారి అందలేదు. మళ్లీ చెప్పమని అడిగింది. ఆయన విసుక్కోకుండా ఇంకాస్త నెమ్మదిగా పంపాడు. ఆరువందల కిలోమీటర్ల అవతల పశువుల డాక్టరట. అక్కడ వాన పడుతోందట. మీ సిగ్నలు చిన్నదే కానీ స్పష్టంగా ఉందన్నాడు. చివర్లో, మీ చెయ్యి చాలా బాగుంది, వినడానికి హాయిగా ఉంది, ఎన్నాళ్లుగా చేస్తున్నారు అని అడిగాడు.

ఇదే మొదటిసారి అని పంపింది. అవతల్నించి నమ్మలేను అని వచ్చింది.

అంతా ఇరవై నిమిషాలు. మీట వదిలి చూస్తే భర్త తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో.

"ఏమన్నారు?" అన్నాడు.

"వాన పడుతోందట."

"ఇంకా?"

"ఇంకేం లేదు. మామూలు మాటలే." చెవులకున్న హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. "నా గొంతుకేమైందని అడగలేదు."

భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. కూతలు ఆగిన తెర మీద నీలం జారుతూనే ఉంది. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు.

అది జరిగి ఇప్పటికి మూడేళ్లు. మాట్లాడిన స్టేషన్లు రాసుకునే ఆవిడ లాగ్ పుస్తకంలో పదకొండు వందల పైచిలుకు స్టేషన్లున్నాయి. బస్టాండు ఉద్యోగం ఇంకా ఉంది. గొంతు బాగుపడలేదు, బాగుపడుతుందన్న ఎదురుచూపూ లేదు. తేడా ఏమిటంటే, కూరగాయలవాడు గుసగుసలాడితే ఇప్పుడు ఆవిడ కూడా అటూ ఇటూ చూసి, ఇంకా రహస్యంగా బేరమాడుతుంది.

కొత్తగా మోర్స్ నేర్చుకునేవాళ్లకి వేగంగా కొట్టేవాళ్లని అందుకోవడం కష్టం. అందుకని నిరుడు ఆవిడే ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున్న ఏడింటికి, బాగా నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య తీరిగ్గా ఎడమిచ్చి, అరగంటసేపు నాలుగు ముక్కలు పంపుతుంది. ఆ వారం వాతావరణం, ఎవరైనా కొత్తగా లైసెన్సు తెచ్చుకుంటే వాళ్ల కాల్‌సైను, తన గదికొచ్చిన విచిత్రమైన సామాను ఒకటి. మొన్న ఒకరు పెట్టుడుపళ్ల సెట్టు బస్సులో మర్చిపోయిన సంగతి పంపితే వారమంతా అందరూ దాని గురించే అడిగారు. పంపడమయ్యాక ఒక్కొక్కర్నీ పిలుస్తుంది. మొదట్లో ముగ్గురు పలికేవాళ్లు. ఇప్పుడు పదిహేను మంది దాకా ఉన్నారు. పశువుల డాక్టరు వేగంగా కొట్టగలిగినవాడైనా ప్రతివారం వచ్చి చివర్న హాజరు వేయించుకుంటాడు.

పోయిన ఆదివారం అందరూ అయిపోయాక, తెర అంచున ఉందా లేదా అన్నట్టు పల్చటి చార ఒకటి కదిలింది. మౌసు దాని మీదకి జరిపి, పక్క శబ్దాలు రాకుండా సాఫ్ట్‌వేరులో వడపోతని సన్నం చేసి వింది. ఎవరో కొత్తవాళ్లు. చుక్కలూ గీతలూ ఎగుడుదిగుడుగా పడుతున్నాయి. కాల్‌సైను సగం వచ్చేసరికి తప్పు పడుతోంది, చెరిపేసి మళ్లీ మొదట్నించీ, మళ్లీ అక్కడే తప్పు. మూడోసారికి ఆగిపోయారు.

అప్పటికే ఎనిమిదింపావు అయింది. భర్త బయటికి బయల్దేరడానికి చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు. మైకమ్మ ఆయనకి ఆగమని చెయ్యి చూపించి, కుర్చీ ముందుకి జరుపుకుని, తన వేగాన్ని సగానికి తగ్గించి పంపింది. వింటున్నాను, తొందరేం లేదు, మళ్లీ పంపండి.